పొట్టు షెడ్డులో పన్నెండు మందిమి

నిన్న చేసిన పనే ఇవాళా చెయ్యమంటే నాకు హాయి. ఈ మాట అంటే మా మనవరాలు నవ్వుతుంది. రోజూ ఒకే పని చేస్తే బుర్ర తుప్పు పడుతుందట, మనిషన్నాక కొత్తగా ఏదో ఒకటి ఆలోచించాలట. ఆ పిల్ల హిందీలో చెప్తుంది, నేను తెలుగులో వింటాను. ఆలోచించే పని నాకెప్పుడూ సరిపడలేదు. మూడో తరగతి దాకా చదివాను. అక్కడ కూడా లెక్క సొంతంగా చెయ్యమంటే ఏడుపొచ్చేది, పలక మీద ఒకే అక్షరం ఇరవైసార్లు దిద్దమంటే అందరికన్నా ముందు నేనే. ఇంట్లోనూ అంతే. సోమవారం ఏ కూరో ఏడాది పొడుగునా సోమవారం అదే కూర. చీపురు ఏ మూల ఉండాలో ఆ మూలే. ఎవరైనా మారిస్తే ఇప్పటికీ ఊరుకోను.

ఇలాంటి మనుషులకు సరిపోయే పనులు కార్ఖానాల్లోనే ఉంటాయి. తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. అలాంటి పని ఒకటి నాకు దొరికింది. ఎలా దొరికిందో, దాన్ని నేనేం చేశానో, దాని వల్ల మా పక్కింటావిడ కూడు ఎలా పోయిందో రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. నోటితో చెప్పినప్పుడల్లా నా వైపు లాక్కునే చెప్పాను. కాగితం మీద కొంచెం తిన్నగా వస్తుందేమో.

డెబ్భైల మధ్యలో మాట. ఉక్కు కార్ఖానా ఊళ్లో, నది ఒడ్డున భుయ్యాడీహ్ అనే బస్తీలో ఒక్క గది, ముందు చిన్న వసారా. మా ఆయన ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టరు కింద పని చేసేవాడు. కొలిమి ఆపినప్పుడు లోపలికి దిగి, కాలిపోయిన ఇటుకలు ఊడగొట్టి కొత్తవి పేర్చాలి. కొలిమి ఆపితేనే పని. వరసగా నెల రోజులు ఉండేది, తరువాత రెండు నెలలు ఉండేది కాదు. లేనప్పుడు ఆయన వసారాలో కూర్చుని బీడీ తాగుతూ నది వైపు చూసేవాడు. ఆ చూపు నాకు మంటగా ఉండేది. ఇద్దరు పిల్లలు. బియ్యం గంజి పారబొయ్యకుండా, గోనె సంచి దారం కూడా ఉండ చుట్టి దాచుకుంటూ నెట్టుకొచ్చేదాన్ని.

గోడకు అవతలి గదిలో ఒకావిడ ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్ద. మా శ్రీకాకుళం వైపు మనిషే. మా వైపు అక్కను పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేదాన్ని. భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఏడో తరగతి చదువుతోంది. భర్త పోయాక ఆవిడ మేడలు కట్టే చోట ఇటుకలు మోసింది. మోస్తూ నిచ్చెన మీంచి పడింది. కుడి భుజం అతుక్కుంది గానీ చెయ్యి ఛాతీ కన్నా పైకి లేవదు. జడ వేసుకోవాలన్నా పెద్ద కూతురే వెయ్యాలి. బరువు మొయ్యలేని ఆడదానికి ఆ ఊళ్లో కూలి ఎవరిస్తారు? వెతగ్గా వెతగ్గా బిర్సానగర్ వైపు ఒక చిన్న కార్ఖానాలో కూర్చుని చేసే పని దొరికింది. కూర్చుని చేసేది, వేళ్లతో చేసేది. ఆవిడకు సరిపడే పని ఆ ఊరు మొత్తం మీద అదొక్కటే అని ఆవిడే చాలాసార్లు అనేది.

మా ఆయనకు మూడో నెల కూడా పని లేనప్పుడు ఆవిడే నన్ను తీసుకువెళ్లింది. అక్కడ హాజరీ రాసే గుమస్తాను మున్షీ అనేవారు. ఆవిడ అతని ముందు నిలబడి వచ్చీరాని హిందీలో నా గురించి చెప్పింది. దొంగతనం లేదు, వాగుడు లేదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది అంది. చివరి మాట విని మున్షీ తలెత్తి నన్ను చూశాడు. మర్నాటి నుంచి రమ్మన్నాడు.

అక్కడ తయారయ్యేవి వాషర్లు. బోల్టుకూ నట్టుకూ మధ్య వేసే ఇనుప బిళ్లలు, పావలా కన్నా చిన్నవి, మధ్యలో కన్నం. మిషను మీద రేకులోంచి కొడితే నూనె జిడ్డుతో వస్తాయి. ఆ జిడ్డు పోవడానికి వాటిని రంపపు పొట్టుతో కలిపి పెద్ద డ్రమ్ములో వేసి తిప్పుతారు. పొట్టు నూనె పీల్చుకుంటుంది, బిళ్లలు తళతళలాడతాయి. ఆ తరువాత రెండూ కలిసి గుట్టగా మా ముందు పడతాయి. పొట్టులోంచి బిళ్లలు వేరు చెయ్యాలి, చిట్లినవీ కన్నం పూడినవీ తీసెయ్యాలి. అదే మా పని.

దానికి జల్లెడలిచ్చారు. జల్లెడ కన్నాలు పెద్దవైతే బిళ్లలు కూడా దిగిపోయేవి, చిన్నవైతే జిడ్డు పట్టిన పొట్టు ముద్దలు కట్టి ఆగిపోయేది. అందుకని కొంత ఆడించి, మిగిలిందంతా వేళ్లతో ఏరాల్సిందే. అందుకే పన్నెండు మంది ఆడవాళ్లం. తెలుగువాళ్లం అయిదుగురం, ఆదివాసీలు నలుగురు, బిలాస్‌పూర్ వైపు నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు. రేకుల షెడ్డులో గోడ వెంట వరసగా పన్నెండు గోనెలు పరిచి ఉండేవి. ఎవరి గోనె వాళ్లది. నాది కిటికీ నుంచి నాలుగోది, అప్పది అయిదోది.

నాకు ఆ పని ఎంత నచ్చిందో ఎవరికి చెప్పినా నమ్మరు. ఎడమ కాలు మడిచి, కుడి కాలు చాపి, జల్లెడ మోకాలి మీద ఆనించి పది ఊపులు. ఆ తరువాత వేళ్లు. బాగున్నవి కుడి వైపు తొట్టెలోకి, పాడైనవి ముందున్న డబ్బాలోకి. మధ్యాహ్నం భోంపు, అదే సైరను, మోగితే అన్నం. మళ్లీ పది ఊపులు. ఏం చెయ్యాలా అని తడుముకోవడం లేదు, ఎవరినీ అడగడం లేదు. మా ఆయనకు పని దొరుకుతుందా లేదా అన్న బెంగ కూడా ఆ పది ఊపుల్లో అణిగిపోయేది. పొట్టు దుమ్ముకు దగ్గు వచ్చేది. రానీ అనుకునేదాన్ని. సాయంత్రం జిడ్డు పొట్టు ఎవరికి కావలసినంత వాళ్లు మూట కట్టుకుని పోవచ్చు. ఆ పొట్టుతో పొయ్యి వెలిగించుకునేదాన్ని. కిరసనాయిలు మిగిలేది.

ఒక్కటే నచ్చేది కాదు. మిగతా పదకొండు మందీ నెమ్మది. పది ఊపుల చోట ఆరు ఊపి, నడుం సర్దుకునేవాళ్లు. ఆదివాసీల్లో పెద్దావిడ ఒకామె ఉండేది, తెల్లటి జుట్టు, పన్నెండు మందిలోకీ ముందు వచ్చినామె. ఆమె చేతులు ఎంత వేగంగా పోతే, మిగిలినవాళ్ల చేతులన్నీ అంత వేగంతోనే పోయేవి. అది నాకు బద్ధకంలా కనబడేది. దొంగపని అని కూడా అనుకున్నాను. ఒకసారి అప్పతో అన్నాను.

"ఏటప్పా ఇది? పిల్లలు ఆడుకున్నట్టు ఆడతన్నారు. డబ్బులు తీసుకుంతన్నాం కాదేటి?"

"నీ పని నువ్వు సూసుకోవే. నువ్వు బేగి సేత్తే నీకేటీ కిరీటం పెట్టరు."

"కిరీటం కాదప్పా. కూకోడానికి సిగ్గేత్తంది."

"సిగ్గేత్తే కొంగు కప్పుకో," అని నవ్వింది. తరువాత నవ్వు ఆపి, గొంతు తగ్గించి అంది. "ఈ పని ఇలగే ఉండాల. ఇలగ ఉన్నన్నాళ్లే పన్నెండు గోనెలు."

విన్నాను. అర్థం చేసుకోలేదు. బద్ధకానికి సాకు చెప్తోంది అనుకున్నాను. నేను అలాంటి మనిషిని. ఎదుటివాళ్ల పనిలో తప్పు నాకు చప్పున కనబడుతుంది, ఆ తప్పు ఎందుకు చేస్తున్నారో కనబడదు.

నేను చేరిన ఎనిమిదో నెలలో వానలు పట్టాయి. షెడ్డు కారేది. పొట్టు తడిసి జల్లెడల తీగలు తుప్పు పట్టి ఒక్కొక్కటే తెగిపోయాయి. ఆఖరికి మూడు మిగిలాయి. మున్షీ వచ్చి చూసి, కొత్తవి వచ్చేసరికి నాలుగైదు రోజులు పడుతుంది, అప్పటి దాకా చేత్తో ఏరుతూ ఉండండి, హాజరీ వేస్తాను అన్నాడు. ఆడవాళ్లకు పండగే. పాటలు, పేలు చూసుకోవడం, కబుర్లు. నాకు ఒళ్లు మండింది. ముందున్న గుట్ట తరగదు, వెనక డ్రమ్ములోంచి ఇంకో గుట్ట వచ్చి పడుతుంది. ఇంట్లో అంట్లు తోమకుండా పడుకున్నట్టు ఉండేది నాకు.

రెండో రోజు ఇంటి నుంచి చేట తీసుకెళ్లాను.

దాన్ని తెలివి అంటారేమో. తెలివి కాదు. పొట్టూ గింజా కలిసి కనబడితే నా చేతులు చేట కోసం వెతుకుతాయి. ఎనిమిదో ఏట నుంచి మా అమ్మ పక్కన కూర్చుని చెరిగాను. ధాన్యం చెరిగాను, ఉలవలు చెరిగాను, నువ్వులు చెరిగాను. కొత్తగా కనిపెట్టింది ఒక్కటీ లేదు. పాత అలవాటు ఒకటి తెచ్చి ఇంకో చోట పెట్టాను. దాని వల్ల ఏమవుతుందో ఆలోచించడం నా పని కాదనుకున్నాను.

కాగితం గుజ్జూ మెంతి పిండీ కలిపి అలికిన చేట అది, ఒక్క సందు ఉండదు. గుట్టలోంచి రెండు దోసిళ్లు వేసి చెరిగాను. పొట్టు పొగలా లేచి అవతల పడింది. బిళ్లలు ఘల్లుమంటూ లోపలికి వచ్చాయి. మళ్లీ వేశాను. ఇంకోసారి వేశాను. ఇనుము గింజ కన్నా బరువు కదా, ఇంకా సులువు. మధ్యాహ్నం భోంపు మోగేసరికి, ఇద్దరు ముగ్గురు రోజంతా చేసే గుట్ట నేనొక్కదాన్నీ తెమల్చాను. తల నిండా పొట్టు. ఒళ్లంతా చెమట. కడుపు నిండినట్టు ఉంది.

తలెత్తి చూస్తే షెడ్డులో పాట లేదు. పదకొండు మందీ నన్నే చూస్తున్నారు. ఎవరూ మెచ్చుకోలేదు. అప్ప వంగి, నా చేట అందుకుని, తన గోనె కింద దాచింది.

"తియ్యకే ఇంక. మున్షీ వత్తాడు."

"వత్తే ఏటప్పా? తప్పు సేసినానా?"

జవాబు తెల్ల జుట్టు ఆదివాసీ ఆమె చెప్పింది. నా వంక చూడకుండా, బిళ్లలు ఏరుతూనే హిందీలో అంది. "సూప్ హమారే ఘర్ మే నహీ హై క్యా?"

మా ఇళ్లలో చేట లేదా అని. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం తెలిసిపోయింది. పదకొండు మందికీ చెరగడం వచ్చు. అందరి ఇళ్లలోనూ చేట ఉంది. మొదటి రోజే అందరికీ తోచి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్కరూ తేలేదు. మున్షీకీ, కార్ఖానా యజమాని సేఠ్‌కీ తోచలేదు, ఎందుకంటే మగవాళ్లు చేట పట్టరు, అది చేసే పని వాళ్లు చూసి ఉండరు.

అయితే అప్పటికే ఆలస్యమైంది. తొట్టె నిండా బిళ్లలున్నాయి. అవతల గోడ వారన పొట్టు జానెడు ఎత్తున పేరుకుని ఉంది. భోజనాల తరువాత మున్షీ వచ్చాడు. గోడ చూశాడు, తొట్టె చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. ఎవరూ పలకలేదు. నా తల మీద ఉన్న పొట్టు పలికింది. చేట బయటికి తీయించి, నా చేత ఒకసారి చెరిగించి చూశాడు. వెళ్లిపోయాడు. సాయంత్రం హాజరీ వేసేటప్పుడు చెప్పాడు. ఎల్లుండి సేఠ్ వస్తాడు. బజారు నుంచి చేటలు తెప్పిస్తున్నాం. అందరూ చెరిగి చూపించాలి.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అప్ప నాకన్నా పదడుగులు ముందు నడిచింది. రోజూ దారి పొడుగునా ఎవరినో ఒకరిని వెక్కిరిస్తూ నా పక్కన నడిచే మనిషి. మా మలుపు దగ్గర ఆగింది.

"ఎల్లుండి నీ సేటలోంచి కూడా బిళ్లలు పడాల. ఇన్నావా?"

"పడ్డమేటప్పా?"

"హాజరీ అయినాక అందరం అనుకున్నాం. కొత్త సేటలు, అలకనివి. సందుల్లో బిళ్లలు ఇరుక్కుంతాయి, పొట్టుతో పాటు సగం అవతల పడిపోతాయి. సేటతో అవదు బాబూ, మొన్న ఏదో అలగ అయిపోనాది అనాల. సేఠు జల్లెడలు కొని పడేత్తాడు. అంతే."

"నానెలగ పడేత్తానప్పా?"

"సెయ్యి ఒణికించు. అదీ రాదేటి నీకు? మంచం మీద జరమొచ్చినట్టు ఒణుకు." కొంచెం నవ్వబోయి మానేసింది. నా చెయ్యి పట్టుకుంది. అది ఆవిడ ఎప్పుడూ చెయ్యదు. "ఒలే, పన్నెండు మందికీ రాదనుకో, అందరం ఉంతాం. వచ్చిందనుకో, ముందు పోయేది నానే. ఈ బుజంతో సేట ఎత్తగలనేటి నాను? సూడు."

చెయ్యి ఎత్తి చూపించింది. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

"అలగే అప్పా," అన్నాను. నిజంగానే అన్నాను. ఆ రెండు రోజులూ ఇంట్లో ఖాళీ చేట పట్టుకుని చెయ్యి వణికించడం కూడా చేసి చూశాను. మా ఆయన చూసి, "ఏటే, పూనకమొచ్చిందా?" అన్నాడు.

సేఠ్ వచ్చిన రోజు వాన వెలిసింది. తెల్ల బట్టలు, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మున్షీ ఆరు కొత్త చేటలు తెచ్చి పెట్టాడు. పచ్చి వెదురు వాసన. నిజంగానే అలకనివి, బద్దల మధ్య సందులున్నాయి.

ముందు తెల్ల జుట్టు ఆమె చెరిగింది. రెండు విసుర్లకే గుప్పెడు బిళ్లలు పొట్టులో పడ్డాయి. ఆమె చేట దింపి, ఏం చెయ్యను అన్నట్టు మొహం పెట్టింది. అంత చక్కగా తప్పు చెయ్యడం నేను అంతకు ముందు చూడలేదు. తరువాత బిలాస్‌పూర్ ముగ్గురిలో ఒకావిడ. ఆవిడ చేట తిరగబడినంత పని చేసింది. ఆ తరువాత మావాళ్లు ఇద్దరు. అన్ని చేటల్లోంచీ రాలుతున్నాయి. అప్ప వంతు వచ్చింది. ఆవిడ నటించక్కర్లేకపోయింది. పైకి ఎత్తబోతే చెయ్యి ఆగిపోయి, చేట ఒక పక్కకు ఒరిగి, బిళ్లలన్నీ ఒళ్లో పడ్డాయి. షెడ్డులో అందరం నవ్వాం. సేఠ్ కూడా నవ్వాడు. "బేకార్ హై," అన్నాడు. పనికిరాదని. జల్లెడలే తెప్పించమని మున్షీకి చెప్తూ వెనక్కి తిరిగాడు. ఒక కాలు గుమ్మం బయట పెట్టేశాడు కూడా.

మున్షీ నా వైపు చెయ్యి చూపించి, సార్, ఆ రోజు చేసింది ఈమే, ఈమెది కూడా ఒక్కసారి చూడండి అన్నాడు.

చేట తీసుకున్నాను. పొట్టు వేసుకున్నాను. వణికించాలని అనుకున్నాను. అనుకున్నట్టు బాగా గుర్తుంది. మొదటి విసురుకే చేతులు తమ దారిన తాము పోయాయి. సందుల చేట అని తెలిసి కొంచెం వాలుగా పట్టాయి, అంతే. పొట్టు లేచింది. ఒక్క బిళ్ల కింద పడలేదు. నాలుగు విసుర్లలో చేటలో బిళ్లలు తప్ప ఏమీ లేవు.

ఇన్నేళ్లూ చేతుల మీదే నేరం పెట్టాను. అలవాటు పడ్డ చేతులు, తప్పు చెయ్యడం రాదు వాటికి, నేనేం చెయ్యను అని. ఇప్పుడు రాస్తున్నాను కనక చెప్తాను. మొదటి విసురు చేతులదే కావచ్చు. రెండోది నాది. అందరూ అలా పారబోస్తుంటే కింద పడ్డ బిళ్లలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒక మగవాడు వచ్చి ఆడవాళ్లకు చెరగడం రాదని నవ్వి పోతుంటే నాకు రోషం వచ్చింది. బాగా చేసి చూపించాలనిపించింది. నా జన్మలో నలుగురి ముందు బాగా చేసి చూపించాలని అనిపించిన రోజు అదొక్కటే.

సేఠ్ గుమ్మం లోపలికి వచ్చాడు. మళ్లీ చెయ్యమన్నాడు. చేశాను. ఇక అప్పుడు అతను నవ్వలేదు. అందరి మొహాలూ ఒకసారి చూశాడు. అందరినీ మళ్లీ చెరగమన్నాడు. ఈసారి ఎవరి చేటలోంచి బిళ్లలు పడితే వాళ్లు రేపటి నుంచి రానక్కర్లేదని మున్షీ చేత చెప్పించాడు.

ఇక ఎవరు పారబోస్తారు? తెల్ల జుట్టు ఆమె చేట అందుకుని కళ్లు మూసుకుని చెరిగినట్టు చెరిగింది. నాకన్నా బాగా చేసింది. బిలాస్‌పూర్ ఆవిడ చేసింది. మావాళ్లు చేశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చేశారు. సేఠ్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. అప్ప రెండు చేతులతో చేట పట్టుకుంది. ఎడమ చెయ్యి లేచింది, కుడిది లేవలేదు. పెదవి కరుచుకుని భుజాన్ని కూడా విసిరింది. లోపల ఏదో కలుక్కుమన్న చప్పుడు నా గోనె దాకా వినబడింది. బిళ్లలు మళ్లీ ఒళ్లో పడ్డాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బిళ్లలు పడనివాళ్లలో కూడా, తొందరగా చెరిగిన అయిదుగురు చాలని వాళ్లనే ఉంచారు. తెల్ల జుట్టు ఆమె, ఇంకో ఆదివాసీ పిల్ల, బిలాస్‌పూర్ ఆవిడ, మావాళ్లలో ఒకామె, నేను. ఏడు గోనెలు మడిచి మూల పెట్టారు. పొట్టు ఎగిరిపోకుండా గోడకు టార్పాలిన్ పట్టా కట్టారు. ఆ పట్టా వల్ల దుమ్మంతా మా మీదికే తిరిగి వచ్చేది.

ఆ సాయంత్రం నేను వెనకే నడిచాను. అప్ప తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి ఉన్నాను, తిట్టి ఉంటే బాగుండేది. మూడో రోజున వసారా గోడ మీంచి పిలిచింది.

"ఒలే, ఒక మాట. సెరగడం నా వల్ల అవదు. ఏరడం వచ్చు కదా? చిట్లినవి మీరే ఏర్తన్నారు. మీరు సెరగండి, ఏరే పని నాకిమ్మను. ఆరో మనిషి ఉంతే మీకూ సులువే. మున్షీకి నువ్వు సెప్పు. నీ మాట ఇంటాడు."

న్యాయమైన మాట. నిజంగానే ఏరడానికి ఒక మనిషి ఉంటే పని ఇంకా తొందరగా అయ్యేది. చెప్తానన్నాను. మర్నాడు చెప్దామని వెళ్లాను. హాజరీ వేసేటప్పుడు మున్షీ తనంతట తనే అన్నాడు, వచ్చే నెల నుంచి నలుగురు సరిపోతారేమో అని సేఠ్ అంటున్నాడని. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. ఆరో మనిషి మాట ఎత్తితే అయిదో మనిషిని లెక్క చూస్తాడని భయం వేసింది. మా ఆయన అప్పుడు వసారాలో కూర్చునే ఉన్నాడు. ఆ మర్నాడూ చెప్పలేదు. ఆ పై రోజూ చెప్పలేదు.

అప్ప అడిగింది. "అడిగినావేటే?"

"అడిగినానప్పా. కాదన్నాడు."

"ఏటన్నాడు?"

"ఏటంటాడు, మనుసులు ఎక్కువైపోనారు అన్నాడు."

"సరేలే," అంది.

తరువాత ఆవిడ ఉక్కు కార్ఖానా చిట్టెం పారబోసే గుట్టల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఇనుము కరిగాక కొలిమిలో మిగిలే మలినం అది, బళ్లతో తెచ్చి అక్కడ కుమ్మరిస్తారు. పైన బూడిదలా ఉంటుంది, లోపల నిప్పు. అందులో ఇనుప ముక్కలు ఏరి అమ్ముకునేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. ఎడమ చెయ్యి ఒక్కటీ చాలు ఏరడానికి. మూడు వారాలకే పైపొర విరిగి కుడి పాదం లోపలికి దిగింది. చీలమండ దాకా కాలింది. నెలన్నర మంచం మీద ఉంది. పెద్ద కూతురు బడి మానేసి, సీతారాండేరాలో ఒక ఆఫీసరు గారి ఇంట్లో అంట్లు తోమడానికి కుదిరింది. వాళ్లు మనవాళ్లే, తెలుగువాళ్లు, చదువుకున్నవాళ్లు. వెనక ఉన్న రేకుల గది ఉండడానికి ఇచ్చారు. అద్దె లేదు, తల్లీ పిల్లలూ ముగ్గురూ ఇంటి పని చెయ్యాలి.

వాళ్లు ఇల్లు మారిన రోజు ఆదివారం. నాకు సెలవు. రిక్షా మాట్లాడారు గానీ ట్రంకు పెట్టె పట్టలేదు. నేను నెత్తిన పెట్టుకున్నాను. అప్ప వద్దనలేదు. కుంటుకుంటూ నా పక్కనే నడిచింది. దారిలో ఎప్పటిలాగే మాట్లాడింది. ఫలానా వాళ్ల మేక గురించి, కొళాయి దగ్గర దెబ్బలాట గురించి. కూతురు అంట్లు తోమే ఇంటి యజమానురాలికి ఉల్లిపాయ పొట్టు తీసినా వేలు నొప్పేనని వెక్కిరించింది. నేను నవ్వాను. ఇక ఆ సంగతి వెనకపడిపోయిందనుకున్నాను.

గదిలో పెట్టె దింపాను. చిన్న కూతురు నీళ్లు ఇచ్చింది. తాగి గ్లాసు ఇస్తుంటే అప్ప నా మొహం చూడకుండా, పెట్టె తాళం తీసుకుంటూ అంది.

"కాలు కాలక ముందే నాను మున్షీ కాడికి ఎల్లినాను. నువ్వు సెప్పినావు కదా, నానూ ఒకసారి బతిమాలుదామని. నువ్వేటీ అడగనేదన్నాడు."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఏమైనా చెప్పాలి. మున్షీ అబద్ధమాడాడు అనొచ్చు. భయపడ్డాను అనొచ్చు.

"ముందే అడిగుంతే ఏమో మరి, ఆలోసించేవోన్ని అన్నాడు," అంది. పెట్టె మూత ఎత్తి బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో ఒక్కొక్కటే తీసి కూతురికి అందిస్తోంది. ఆ పిల్ల నా వంక చూసింది, మళ్లీ తల దించుకుంది.

"అప్పా," అన్నాను.

"పొద్దుపోతంది. ఎల్లు. రేపు నీకు పనుంది."

వచ్చేశాను. మళ్లీ ఆ గది వైపు వెళ్లలేదు. ఆవిడా రాలేదు. ఆ షెడ్డులో ఇంకా తొమ్మిదేళ్లు చేశాను. నలుగురు చాలన్న మాట మున్షీ ఊరికే అన్నాడో నిజంగా అన్నాడో తెలియదు గానీ, అయిదుగురిలో ఎవరినీ తీసెయ్యలేదు. ఆరో మనిషికి చోటు ఉండేదా ఉండేది కాదా అని నేను ఎవరినీ అడగలేదు.

వాళ్లు ఇల్లు మారిన మర్నాడు, సోమవారం, ఎప్పటి వేళకే లేచి, సోమవారం కూరే వండి, గిన్నెలో సర్దుకుని వెళ్లాను. అక్కడికి వెళ్లేసరికి హాజరీ ఇంకా మొదలవలేదు, అయినా నా గోనె పరుచుకుని చేట అందుకున్నాను.